తట్టుకునే శక్తినే తినేసే వేధింపు

ఎమ్మారై యంత్రంలో పద్నాలుగేళ్ల అమ్మాయి కదలకుండా పడుకుని ఉంది. కళ్లకు ఎదురుగా చిన్న తెర. యంత్రంలో ఓ కెమెరా అమర్చామనీ, అది నడుస్తున్నంతసేపూ ఆమె ఈడువాళ్లొకరు ఆమె ముఖాన్ని చూస్తుంటారనీ పరిశోధకులు ముందే చెప్పారు. తెర మీద మూడు సంగతులే కనిపిస్తాయి: కెమెరా ఆగి ఉంది, మొదలవబోతోంది, నడుస్తోంది. ఆమె మాట్లాడక్కర్లేదు, ఏ పనీ చెయ్యక్కర్లేదు. ఎవరూ ఆమెను ఒక్క మాటా అనరు. అయినా కెమెరా నడుస్తోందని తెలిసేసరికి సిగ్గుతో ముడుచుకుపోతున్నట్టు అనిపిస్తుంది. చర్మం మీద పట్టే సన్నని చెమటలో ఆ కలవరం పరికరాలకు దొరుకుతుంది. మన గురించి మనం ఆలోచించుకునేటప్పుడు పనిచేసే మెదడు భాగం చురుకెక్కుతుంది.

నిజానికి ఆ సమయంలో ఎవరూ చూడడం లేదు. లియా సోమర్‌విల్ బృందం 2013లో ప్రచురించిన ఈ ప్రయోగంలో ఎనిమిదేళ్ల పిల్లల నుంచి ఇరవై రెండేళ్ల యువత దాకా పాల్గొన్నారు. చిన్నపిల్లల్లో అంతగా కనిపించని ఈ బిడియం కౌమారంలో అడుగుపెట్టగానే ఎగసింది. శరీరం చూపే కలవరం కౌమారం నడిమి ఏళ్లలో అందరికంటే ఎక్కువగా ఉంది. తోటివాళ్లు చూస్తున్నారన్న ఊహ ఒక్కటే చాలు, ఆ వయసు మెదడు ఇంతగా కదిలిపోతుంది.

ఇప్పుడు అదే వయసు పిల్ల ముఖాన్ని ఎవరో వాట్సాప్ స్టిక్కర్‌గా చేసి క్లాసు గ్రూపులో వదిలారనుకోండి. లేదా ఇన్‌స్టాగ్రామ్‌లో పేరు తెలియని 'కన్ఫెషన్' పేజీలో ఆమె రంగు గురించో, నడక గురించో, ఎవరితోనో ముడిపెట్టో రెండు వాక్యాలు రాశారనుకోండి. చూస్తున్నది ఊహ కాదు, అరవై మంది. ఎవరెవరు స్పందించారో కింద పేర్లతో సహా కనిపిస్తుంది. ఎవరు నవ్వారో బొమ్మలతో సహా తెలుస్తుంది.

తోటి పిల్లల వేధింపును శాస్త్రీయంగా అధ్యయనం చేయడం మొదలుపెట్టినవారిలో డాన్ ఓల్వేయస్ ముఖ్యుడు. నార్వేలోని బెర్గెన్‌లో దశాబ్దాల పాటు పనిచేసిన ఆయన మూడు గుర్తులు చెప్పాడు: బాధపెట్టాలన్న ఉద్దేశం ఉండాలి, మళ్లీ మళ్లీ జరగాలి, ఇద్దరి మధ్య బలాబలాల తేడా ఉండాలి. ఫోను ఈ మూడింటి స్వరూపాన్నీ మార్చేసింది. ఒకసారి పెట్టిన ఫొటో ఫార్వర్డ్ అయిన ప్రతిసారీ ఆ పిల్ల కొత్తగా అవమానపడుతుంది, పెట్టినవాడు మాత్రం ఒక్కసారే పెట్టాననుకుంటాడు. బలం కండల్లో ఉండక్కర్లేదు, ఫేక్ ఐడీ చాలు. ఇక సాయంత్రం బడి గంట కొట్టాక ఇల్లు చేరితే ఆగిపోయే వేధింపు కాదిది. పడుకునే మంచం దాకా వస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా విభాగం 2024లో వెల్లడించిన అధ్యయనంలో 44 దేశాలకు చెందిన సుమారు 2,79,000 మంది పిల్లలు పాల్గొన్నారు. వారిలో దాదాపు ప్రతి ఆరుగురిలో ఒకరు సైబర్ వేధింపుకు గురైనట్టు చెప్పారు. అమ్మాయిలకూ అబ్బాయిలకూ ఆ శాతాల్లో పెద్ద తేడా లేదు. దీన్ని 'ఆడపిల్లల సమస్య'గా చూసే అలవాటు మనకుంది కాబట్టి ఈ మాట నొక్కి చెబుతున్నాను.

ఫోనే అసలు దోషి అనుకునేవారు ఇంకో అధ్యయనాన్ని కూడా చూడాలి. ఇంగ్లండ్‌లో లక్షా పది వేల మందికి పైగా పదిహేనేళ్ల పిల్లల సమాచారాన్ని ఆండ్రూ ప్రిజిబిల్‌స్కీ, లూసీ బోవ్స్ 2017లో విశ్లేషించారు. ఆ పిల్లలందరిలో కేవలం ఆన్‌లైన్‌లోనే తరచుగా వేధింపుకు గురైనవారు ఒక శాతం కూడా లేరు. ఆన్‌లైన్‌లో వేధింపు ఎదుర్కొంటున్నవారిలో ఎక్కువమందికి ఎదురుగానూ అది జరుగుతోంది. అంటే తెర మీద కనిపించే విషానికి మూలం చాలావరకు తరగతి గదిలో, హాస్టల్ వరండాలో, ట్యూషన్ మెట్ల మీద ఉంది. ఫోను లాక్కున్నంత మాత్రాన ఆ పిల్ల రేపు పొద్దున కూర్చోవలసిన బెంచీ మారదు.

ఇక ప్రమాదం సంగతి. స్వాన్సీ విశ్వవిద్యాలయానికి చెందిన ఆన్ జాన్ బృందం 2018లో అంతకుముందు జరిగిన అధ్యయనాలన్నింటినీ గాలించి, పాతికేళ్ల లోపు వయసున్న లక్షా యాభై వేల మందికి పైగా సమాచారాన్ని ఒకచోటికి తెచ్చింది. సైబర్ వేధింపుకు గురైనవారిలో స్వీయహానికి పాల్పడడం గానీ, ఆత్మహత్యకు సంబంధించిన ప్రవర్తన గానీ మిగతావారితో పోలిస్తే రెండు రెట్లకు పైగా కనిపించింది. అదే పరిశీలనలో చాలామంది దాటేసే మరో సంగతి బయటపడింది: వేధించే పిల్లల్లోనూ ఈ ముప్పు కొంత ఎక్కువే. ఏడిపించేవాడు కూడా ఎక్కడో ఏడుస్తున్నవాడే అయ్యే అవకాశం ఉంది. వాడిని బడి నుంచి గెంటేయడంతో పని అయిపోయిందనుకోవడం నాకు అందుకే న్యాయంగా తోచదు.

రెండు విషయాలు కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమని చెప్పలేం. ముందే దిగులుగా ఉన్న పిల్లలనే తోటివాళ్లు వెతికి ఏడిపిస్తున్నారేమో. ఇంట్లో కష్టాలున్న పిల్లలకు రెండూ ఎదురవుతున్నాయేమో. ఈ చిక్కు విప్పడానికి కవలలు సాయపడ్డారు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1994-95లో పుట్టిన 1,116 కవల జంటలను చిన్ననాటి నుంచి గమనిస్తూ వచ్చిన అధ్యయనం ఒకటుంది. హెలెన్ ఫిషర్ బృందం 2012లో ఆ జంటల్లో ఒకరు వేధింపుకు గురై, రెండోవారు గురికాని వాళ్లను విడదీసి చూసింది. ఒకే ఇల్లు, ఒకే తల్లిదండ్రులు. అయినా పన్నెండేళ్లు వచ్చేసరికి స్వీయహానికి పాల్పడినవారిలో వేధింపు ఎదుర్కొన్న కవలలే ఎక్కువ. అయితే వేధింపు ఎదుర్కొన్న పిల్లల్లోనూ అత్యధికులు ఆ దారి పట్టలేదు. పట్టినవారిలో పెద్దల చేతిలో శారీరక హింస, కుటుంబంలో ఆత్మహత్యాయత్నం చరిత్ర, మానసిక సమస్యలు ఎక్కువగా కనిపించాయి. ఏ బిడ్డ విషయంలోనూ ఒకే ఒక్క కారణం ఉండదు.

స్వీయహాని అన్న మాట వినగానే మనవాళ్లలో రెండు రకాల స్పందనలు వస్తాయి. 'నలుగురి దృష్టిలో పడడానికి చేస్తోంది' అనేది ఒకటి, 'చావాలనుకుంటోంది' అనేది ఇంకొకటి. చాలా సందర్భాల్లో రెండూ పొరపాటే. వివిధ దేశాల అధ్యయనాలను కలిపి చూస్తే, చనిపోవాలన్న ఉద్దేశం లేకుండానే ఎప్పుడో ఒకప్పుడు తమను తాము గాయపరచుకున్న కౌమార వయసువాళ్లు 17 శాతం దాకా ఉన్నారు. ఎక్కువమంది దాన్ని దాచుకుంటారు. ఎందుకు చేశావని నెమ్మదిగా అడిగితే తరచుగా వచ్చే జవాబు ఒక్కటే: లోపల ఉన్నది భరించలేకపోయాను. ఆ క్షణానికి ఏదో సడలినట్టు ఉంటుంది, వెనకే సిగ్గూ అపరాధభావమూ మొదటి బాధ మీద వచ్చి కూర్చుంటాయి, మళ్లీ అదే ఉక్కిరిబిక్కిరి. ఈ ఉచ్చు బిగిసేకొద్దీ కాలక్రమంలో ఆత్మహత్యాయత్నం ముప్పు కూడా పెరుగుతుంది. కాబట్టి 'చావాలని చేసింది కాదులే' అని ఊరుకోవడమూ ప్రమాదమే.

లోపల ఉన్నది భరించలేకపోవడం అంటే ఏమిటి? ఇక్కడే ఉద్వేగ నియంత్రణ అనే శాస్త్రం వస్తుంది. కోపం, అవమానం, భయం పుట్టకుండా చేయడం ఎవరి వల్లా కాదు. పుట్టినదాన్ని పెరగనివ్వాలా తగ్గించాలా, ఎంతసేపు ఉండనివ్వాలి, ఎలా బయటపెట్టాలి అన్నది మాత్రం కొంత మన చేతిలో ఉంటుంది. స్టాన్‌ఫర్డ్‌కు చెందిన జేమ్స్ గ్రాస్ 1998లో ఈ ప్రక్రియలో మనిషి జోక్యం చేసుకోగల చోట్లు ఐదు ఉన్నాయని వివరించాడు. బాధపెట్టే సందర్భానికి దూరంగా ఉండడం మొదటిది. అందులోకి వెళ్లక తప్పకపోతే దాన్ని కొంత మార్చుకోవడం రెండోది. మనసును వేరేవైపు మళ్లించడం మూడోది. జరిగినదానికి వేరే అర్థం ఇచ్చుకోవడం నాలుగోది. ఉద్వేగం వచ్చేశాక దాన్ని పైకి కనబడకుండా అణచుకోవడమో, శ్వాసతోనో నడకతోనో తగ్గించుకోవడమో ఐదోది.

రాత్రి పదకొండు గంటలకు దుప్పటి కింద ఫోను పట్టుకున్న ఆ పిల్ల దగ్గరకు ఈ ఐదింటినీ తీసుకెళ్లి చూడండి. సందర్భానికి దూరంగా ఉండాలంటే గ్రూపులోంచి బయటికి రావాలి. వస్తే హోంవర్కు, పరీక్షల కబుర్లు, ఉన్న ఇద్దరు స్నేహితులు కూడా పోతారు, పైగా 'పారిపోయింది' అని ఇంకో మీమ్ తయారవుతుంది. సందర్భాన్ని మార్చాలంటే ఆ ఫొటో తీయించగలగాలి, ఎవరు పెట్టారో తెలియదు. మనసు మళ్లించుకుందామంటే ఫోను మోగుతూనే ఉంటుంది. మోగకపోయినా ఇప్పుడేం రాశారో అన్న ఆత్రం ఊరుకోనివ్వదు. వేరే అర్థం ఇచ్చుకోవడానికి ఆ మాట అన్నవాళ్ల ముఖం కనిపించాలి, గొంతు వినిపించాలి. తెర మీది అక్షరాల్లో పరిహాసమా పగా అన్నది తెలియదు, తెలియనప్పుడు ఆ వయసులో మనసు అధ్వాన్నమైన అర్థాన్నే పట్టుకుంటుంది. చివరికి మిగిలేది అణచుకోవడం. పక్కన అమ్మ నిద్రపోతోంది, ఏడుపు వినబడకూడదు.

అణచుకోవడం గురించి గ్రాస్ చేసిన ప్రయోగాలు ఒక గట్టి విషయం చెప్పాయి. ముఖంలో ఏమీ కనబడకుండా బిగబట్టుకున్నంత మాత్రాన లోపలి బాధ తగ్గదు, శరీరం మీద ఒత్తిడి మాత్రం పెరుగుతుంది. మన ఇళ్లలో 'మంచి పిల్ల' అని మెచ్చుకునేది చాలాసార్లు ఇలా బిగబట్టుకున్న పిల్లనే.

నేను అన్నిటికంటే ముఖ్యమనుకునే అధ్యయనం అమెరికాలోని కనెటికట్ రాష్ట్రంలో జరిగింది. కేటీ మెక్‌లాఫ్లిన్, ఆమె సహచరులు ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా చదివే 1,065 మందిని కొన్ని నెలల తేడాతో మూడుసార్లు పరీక్షించి, 2009లో ఫలితాలు ప్రచురించారు. మొదట్లో తోటివారి వేధింపుకు ఎక్కువగా గురైన పిల్లల్లో, ఆ తర్వాతి నెలల్లో తమ ఉద్వేగాలను అర్థం చేసుకుని అదుపులో పెట్టుకునే సామర్థ్యం తగ్గింది. అలా తగ్గినదాని వెంటే దిగులు, ఆందోళన పెరిగాయి. వరస గమనించండి. తట్టుకోలేని పిల్లలు ముందే ఉండి వేధింపుకు కుంగిపోయారన్నది సగం కథ. రోజూ పడే వేధింపు ఆ తట్టుకునే శక్తినే అరగదీసిందన్నది మిగతా సగం, మనం వినని సగం. 'మా కాలంలో ఎన్ని పడ్డాం, ఈ పిల్లలు సుకుమారం' అనే పెద్దలు ఫలితాన్ని పట్టుకుని కారణం అంటున్నారు.

వయసు కూడా వీళ్లకు అనుకూలంగా లేదు. ఉద్వేగాలను రాజేసే మెదడు వ్యవస్థలు యుక్తవయసు హార్మోన్లతో ముందే వేగం పుంజుకుంటాయి. వాటికి పగ్గం వేసే ముందరి మెదడు ఇరవైల నడిమి దాకా పరిణతి చెందుతూనే ఉంటుంది. కిప్లింగ్ విలియమ్స్ అనే మనస్తత్వవేత్త తయారుచేసిన 'సైబర్‌బాల్' అనే కంప్యూటర్ ఆటలో ముగ్గురు బంతి విసురుకుంటారు, కాసేపటికి మిగతా ఇద్దరూ మూడోమనిషికి విసరడం మానేస్తారు. లండన్‌లో కేథరీన్ సెబాస్టియన్, సారా-జేన్ బ్లేక్‌మోర్ బృందం 2010లో ఈ ఆటను కౌమార వయసు అమ్మాయిలతోనూ, పెద్దవాళ్లతోనూ ఆడించింది. ముక్కూ మొహం తెలియని ఇద్దరు బంతి వేయకపోయినందుకు అమ్మాయిల మనఃస్థితి పెద్దవాళ్లకంటే ఎక్కువగా కుంగింది. దీనికి నిద్ర లేకపోవడం తోడైతే పరిస్థితి ఇంకా దిగజారుతుంది. నిద్రచాలని మెదడులో భయాన్ని పసిగట్టే అమిగ్డలా చెలరేగుతుంది, దానికి ముందరి మెదడుతో ఉండే లంకె బలహీనపడుతుంది.

ఉద్వేగాలను పట్టుకోవడం ఎవరూ పుట్టుకతో తెచ్చుకోరు, ఒంటరిగానూ నేర్చుకోరు. సైకిలు నేర్చుకునే పిల్లవాడి వెనక సీటు పట్టుకుని పరిగెత్తే చెయ్యి లాంటిది పెద్దవాళ్ల ప్రశాంతత. ఆ చెయ్యి లేనప్పుడు, లేదా అదే చెయ్యి నెట్టినప్పుడు ఏమవుతుందో చెప్పింది మార్షా లైనహన్. తనను తాను గాయపరచుకునేవారి కోసం డయలెక్టికల్ బిహేవియర్ థెరపీని రూపొందించిన ఈ అమెరికన్ మనస్తత్వవేత్త, కౌమారంలో తానూ అదే బాధతో ఆసుపత్రిలో గడిపానని 2011లో బహిరంగంగా చెప్పింది. ఆమె సిద్ధాంతం ప్రకారం స్వభావరీత్యా గాఢంగా స్పందించే పిల్ల, ఆ స్పందనను కొట్టిపారేసే పరిసరం కలిసినప్పుడు ముప్పు పెరుగుతుంది. కొట్టిపారేయడం అంటే కొట్టడమో తిట్టడమో అయి ఉండక్కర్లేదు. 'ఇంతోటిదానికే ఏడుపా', 'పట్టించుకోకు, చదువుకో', 'అసలు నువ్వెందుకు పెట్టావు ఆ ఫొటో', 'నలుగురికీ తెలిస్తే మన పరువేం కాను'. ప్రేమ ఉన్న ఇళ్లలోనే ఈ మాటలు దొర్లుతాయి. వాటి అర్థం పిల్లకు ఒకటే వినిపిస్తుంది: నాకు అనిపిస్తున్నది తప్పు.

ఈ చికిత్స పనిచేస్తుందనడానికి ఆధారాలున్నాయి. నార్వేలో 77 మందిపై జరిగి 2014లో వెలువడిన పరీక్షలోనూ, అమెరికాలో 173 మందిపై జరిగి 2018లో వెలువడిన పరీక్షలోనూ స్వీయహాని ఇతర చికిత్సల కంటే ఎక్కువగా తగ్గింది. ఇందులో పిల్లలతో పాటు తల్లిదండ్రులు కూడా వచ్చి కూర్చుని నేర్చుకోవాలి. బాధను ఒప్పుకోవడం, పొంగు దిగేదాకా దాన్ని ఓర్చుకోవడం, అప్పుడు మాత్రమే పరిష్కారం వెతకడం అందులో పాఠాలు. అనిపిస్తున్నదానికి పేరు పెట్టడం అన్న చిన్న మెట్టుకు కూడా విలువుంది. మాథ్యూ లీబర్‌మన్ బృందం 2007లో చూపినట్టు, కనిపిస్తున్న ఉద్వేగాన్ని ఒక మాటలో పెట్టినప్పుడు అమిగ్డలా అలజడి తగ్గుతుంది. 'కోపంగా ఉందా, అవమానంగా ఉందా, భయంగా ఉందా?' అని అడిగి ఆగడం ఏ తండ్రైనా చేయగలడు.

ముందు పిల్ల చెప్పాలి కదా. యానా యువోనెన్, ఎలీషెవా గ్రాస్ 2008లో ప్రచురించిన సర్వేలో పన్నెండు నుంచి పదిహేడేళ్ల మధ్య పిల్లల్లో 90 శాతం ఆన్‌లైన్ వేధింపు గురించి పెద్దలెవరికీ చెప్పలేదు. సగం మంది 'నా సంగతి నేనే చూసుకోవాలి' అన్నారు. దాదాపు మూడోవంతు మంది చెబితే ఇంటర్నెట్ తీసేస్తారని భయపడ్డారు. మన ఇళ్లలో ఆ భయం ఇంకా బలమైనదే. విషయం చెప్పిన పూటే ఫోను బీరువాలో పడుతుంది, ఆడపిల్లయితే కాలేజీ మాన్పించే మాట కూడా వస్తుంది. బాధితురాలికి శిక్ష పడే ఇంట్లో రెండోసారి ఎవరూ నోరు విప్పరు. అబ్బాయిలైతే మొదటిసారి కూడా విప్పరు, ఏడవడమే తప్పని వాళ్లకు ముందునుంచీ నేర్పాం.

ఫ్రాంక్ ఎల్గార్ బృందం 2014లో అమెరికాలో 18,834 మంది విద్యార్థులను పరిశీలించినప్పుడు, ఇంట్లో అందరూ కలిసి రాత్రి భోజనం చేసే రోజులు ఎక్కువగా ఉన్న పిల్లల్లో సైబర్ వేధింపుకూ మానసిక సమస్యలకూ ఉన్న ముడి బలహీనంగా కనిపించింది. అన్నానికేదో మహిమ ఉందని కాదు. రోజూ ఒక గంట ముఖాలు కనిపిస్తే, ముద్ద దిగని రోజు ఎవరో ఒకరి కంట పడుతుంది. ఇంతకుముందు చెప్పిన కవలల అధ్యయనంలోనూ తల్లి ఆప్యాయత, తోబుట్టువుల చనువు, అరుపులు లేని ఇల్లు వేధింపు దెబ్బను తగ్గించాయి. కానీ మన దగ్గర వేలాది ఇంటర్ పిల్లలు రెసిడెన్షియల్ కాలేజీల్లో ఉంటారు. వాళ్ల ముద్ద దిగిందో లేదో చూసే కళ్లు ఎవరివి? ఈ ప్రశ్నను కాలేజీ ఫీజు కట్టేటప్పుడు అడగాలి.

బడి స్థాయిలో పనిచేసే పద్ధతులు లేకపోలేదు. ఫిన్లాండ్‌లో క్రిస్టీనా సల్మివల్లి నేతృత్వంలో రూపొందిన 'కివా' కార్యక్రమం వేధించేవారిని, బాధితులను మాత్రమే కాక, చుట్టూ నిలబడి నవ్వేవాళ్లను, ఊరుకునేవాళ్లను మార్చడం మీద దృష్టి పెట్టి వేధింపును తగ్గించగలిగింది. మన దేశంలోనే బీహార్‌లోని నలందా జిల్లాలో ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ఒక పెద్ద ప్రయోగం జరిగింది, 2018లో ఫలితాలు వచ్చాయి. బడి వాతావరణాన్ని బాగుచేసే ఒకే కార్యక్రమాన్ని కొన్నిచోట్ల ఉపాధ్యాయులకు, కొన్నిచోట్ల శిక్షణ పొందిన సాధారణ కౌన్సెలర్లకు అప్పగించారు. కౌన్సెలర్లు ఉన్న బడుల్లో వేధింపు, దిగులు రెండూ తగ్గాయి. ఉపాధ్యాయులకు అప్పగించిన చోట అలాంటి ఫలితం రాలేదు. సిలబస్ మోస్తున్న టీచరు మీద ఇంకో బరువు వేస్తే పని జరగదు, దానికంటూ ఒక మనిషి కావాలి.

విశాఖపట్నంలో ఓ విద్యార్థిని మరణంపై తండ్రి వేసిన కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు అదే చెప్పింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హతగల కౌన్సెలరో, మనస్తత్వ నిపుణులో, సామాజిక కార్యకర్తో కనీసం ఒకరు ఉండాలని, సహాయ ఫోను నంబర్లను హాస్టళ్లలో, తరగతుల్లో పెద్ద అక్షరాలతో ప్రదర్శించాలని ఆదేశించింది. మీ పిల్లల కాలేజీలో ఆ నంబరు గోడ మీద ఉందో లేదో ఈ వారమే వెళ్లి చూడండి.

ఈ రాత్రే మీ పిల్ల చెబితే ఏం చేయాలి? ముందు వినండి. ఫోను లాక్కోకండి, చెప్పినందుకు మంచిపని చేశావనండి. బెదిరింపు మెసేజీలను, ఖాతా పేర్లను, లింకులను చెరపకుండా దాచండి. నగ్న చిత్రాలు ఉంటే మాత్రం సాక్ష్యం కోసమని కూడా ఎవరికీ పంపకండి, పద్దెనిమిదేళ్ల లోపువారి అలాంటి చిత్రాలు పంపడమే నేరం. 'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత అంతర్జాతీయ సేవ ఆ చిత్రాన్ని మీ ఫోనులోనే ఉంచి, దాని సంఖ్యా ముద్రను మాత్రమే తీసుకుంటుంది. ఇందులో చేరిన సామాజిక మాధ్యమాలు ఆ ముద్రతో చిత్రాన్ని గుర్తించి తొలగిస్తాయి. ఇలాంటి చిత్రాలపై ఫిర్యాదు అందితే గంటల వ్యవధిలో తొలగించాలని మన ఐటీ నియమాలు కూడా గడువు పెట్టాయి. కేంద్ర ప్రభుత్వ సైబర్ నేరాల పోర్టల్‌లో స్త్రీలు, పిల్లలపై నేరాల విభాగంలో పేరు చెప్పకుండానూ ఫిర్యాదు చేయవచ్చు.

నిద్ర, తిండి మారినా, స్నేహితులకు దూరమైనా, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టినా, 'నేను లేకపోతే మీకు హాయి' లాంటి మాట అన్నా, సూటిగా అడగండి: నిన్ను నువ్వు గాయపరచుకోవాలనిపిస్తోందా, చనిపోవాలనిపిస్తోందా? అడిగితే ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది జంకుతారు. న్యూయార్క్ రాష్ట్రంలో రెండు వేల మందికి పైగా విద్యార్థులతో జరిగి 2005లో వెలువడిన పరిశోధనలో, ఆ ప్రశ్న అడగడం వల్ల పిల్లల్లో బాధ గానీ ఆత్మహత్య ఆలోచనలు గానీ పెరగలేదు. అవునంటే ఒంటరిగా వదలకండి, ఆ రోజే మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి. పోలీసు కేసవుతుందని వెనుకాడకండి. ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగా పరిగణించాలనీ, శిక్షించకూడదనీ 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ చెబుతోంది.

ఈ వ్యాసం చదువుతున్నది ఆ పిల్లో, ఆ పిల్లవాడో అయితే, నీకు అనిపిస్తున్నది తప్పు కాదు, నువ్వు బలహీనం కాదు, ఇది తగ్గుతుంది. ఇంట్లో చెప్పలేకపోతే 14416కు ఫోన్ చెయ్యి. అది టెలిమానస్, ప్రభుత్వ సేవ, రాత్రీ పగలూ ఉంటుంది, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. పద్దెనిమిదేళ్ల లోపువారి కోసం 1098 కూడా ఉంది.